1984 టొయోటా 4×4 పికప్: ఫ్రేమ్ తుప్పు, చైన్ చప్పుడు, నకిల్ లీకు... ఏది ముందు పట్టుకోవాలి?

ఒహాయో_పికప్ (కొలంబస్)

అందరికీ నమస్కారం. బండి 1984 టొయోటా పికప్, 4×4, రెగ్యులర్ క్యాబ్, 22ఆర్ ఇంజిను, కార్బురేటర్, 5 గేర్లు. మీటరు 1,87,000 మైళ్లు చూపిస్తోంది. మొదటినుంచీ ఒహాయోలోనే తిరిగింది కాబట్టి ఇన్నేళ్ల రోడ్డు ఉప్పంతా దీని అడుగునే ఉంది. ప్రస్తుత పరిస్థితి:

– ఎడమవైపు వెనక కమాన్ పట్టీ ముందు హ్యాంగర్ (పట్టీని ఫ్రేముకు పట్టి ఉంచే బ్రాకెట్) దగ్గర ఫ్రేము పొలుసులు పొలుసులుగా ఊడుతోంది. ఒకచోట స్క్రూడ్రైవర్ నొక్కితే దిగిపోయింది, పెన్సిల్ పట్టేంత కన్నం.
– బెడ్ ఫ్లోరు జల్లెడ. క్యాబ్ రాకర్లు (తలుపు గడప కింది రేకులు) రెండూ పోయాయి, డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోరు మెత్తబడింది.
– ముందు చక్రాల లోపలివైపు, నకిల్ (స్టీరింగ్‌తో తిరిగే చక్రం కీలు) బంతి వెనకనుంచి నల్లటి పల్చని గ్రీజు కారుతోంది. కుడివైపు ఎక్కువ.
– చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజిను ముందుభాగంలో గొలుసు ఈడ్చినట్టు చప్పుడు, పది సెకన్ల దాకా. వేడెక్కాక తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.
– వెనక బ్రేకు పైపు ఒకచోట చెమర్చుతోంది.

పెట్టాలనుకుంటున్నవి: బండి ఎత్తు పెంచే 4 అంగుళాల లిఫ్టు, 33 అంగుళాల టైర్లు, పవర్ స్టీరింగ్, వెబర్ కంపెనీ కార్బురేటర్. ఇంట్లో 140 ఆంపుల మిగ్ (తీగ, గ్యాసుతో నడిచే) వెల్డర్ ఉంది. ఫ్రేమును వెల్డ్ చేస్తే నిలుస్తుందా, వేరే ఫ్రేము వెతుక్కోవాలా? దేని తర్వాత ఏది?

గ్రీజుచేతులు (మిషిగన్)

లిఫ్టు, టైర్లు, వెబర్ ప్రస్తుతానికి లిస్టులోంచి కొట్టేయండి. కుళ్లిన ఫ్రేము మీద పెట్టే ప్రతి అప్‌గ్రేడూ ఆ ఫ్రేమునే లాగుతుంది. పెద్ద టైరు, ఎత్తు స్ప్రింగు వచ్చాక హ్యాంగర్ల మీద పడే మెలిక ఇంకా పెరుగుతుంది.

మీకు కనిపిస్తున్న కన్నం జబ్బు చివర్లో బయటపడేది. ఈ ఫ్రేములు లోపలినుంచి కుళ్లుతాయి. మూసి ఉన్న పెట్టె భాగంలోకి చక్రాలు ఎగజిమ్మిన ఉప్పు బురద చేరుతుంది, అడుగున ఉన్న నీటి కన్నాలు పూడుకుపోతాయి, ఆ బురద ఎండాకాలంలో కూడా పూర్తిగా ఆరదు. అందుకే బయట రంగు చెక్కుచెదరకుండా ఉండి లోపల రేకు మిగలని ఫ్రేములు దొరుకుతాయి. అన్నట్టు, టొయోటా ఫ్రేము తుప్పుకు కంపెనీ డబ్బిచ్చిందట కదా అని ఎవరైనా చెబితే, అది 1995 నుంచి మొదలైన టకోమా అనే తర్వాతి పికప్‌ల సంగతి. మీ బండికి వర్తించదు.

చూడాల్సిన చోట్లు, నా వరుసలో: వెనక కమాన్ పట్టీల ముందు హ్యాంగర్లు, వెనక యాక్సిల్ మీదుగా ఫ్రేము వంపు తిరిగే చోటు, షాకిల్ (పట్టీ వెనక కొసను పట్టే కీలు) మౌంట్లు, క్యాబ్ వెనక మౌంట్ల కింది భాగం, క్రాస్‌మెంబర్ (అడ్డ దూలం) వచ్చి రైలును (ఫ్రేము పొడవాటి పక్క దూలాన్ని) కలిసే ప్రతి అతుకు, స్టీరింగ్ బాక్సు చుట్టూ. అతుకుల్ని వదలొద్దు. రెండు రేకుల మధ్య తుప్పు ఉబ్బి అతుకును తెరుస్తుంది, బయటికి సన్నని గీత మాత్రమే కనిపిస్తుంది.

ముందు సుత్తి. గుండు సుత్తి తీసుకుని రైలు మూడు వైపులా రెండేసి అంగుళాలకు ఒక దెబ్బ వేసుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, సుత్తి చేతిలో ఎగురుతుంది. కుళ్లిన చోట దెబ్బ మొద్దుగా పడి ఆగిపోతుంది, లోపల పొలుసులు రాలిన చప్పుడు వినిపిస్తుంది. అనుమానం వచ్చిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టండి.

తర్వాత అల్ట్రాసోనిక్ మందం గేజీ. గుర్తు పెట్టిన చోట రూపాయి బిళ్లంత మేర గ్రైండరుతో తళతళలాడే ఇనుము వచ్చేదాకా తీసి, జెల్ రాసి కొలవండి. రంగు మీదో పొలుసు మీదో పెడితే అది చెప్పే అంకె పనికిరాదు. క్యాబ్ కింద తుప్పు లేని చోట ముందు ఒక కొలత తీసుకోండి, అదే మీకు కొలబద్ద. దానిలో నాలుగింట మూడు వంతులు మిగిలి ఉంటే శుభ్రం చేసి రంగు. అంతకంటే తక్కువైతే ప్లేటు. ఒకే అడ్డకోతలో పక్క గోడ, అడుగు రెండూ పల్చబడి, అది రెండు రైళ్లలోనూ ఉంటే వెల్డింగు మాట వదిలేసి ఆరిజోనా, న్యూమెక్సికో వైపు పొడి ఫ్రేము వెతకండి.

ఫ్రేము మార్చే పనైతే ఒక హెచ్చరిక. బండి నంబరు ముందు కుడి రైలు మీద కొట్టి ఉంటుంది. పాత నంబరు కోసి కొత్త ఫ్రేముకు అతికించడం, గీకి మళ్లీ కొట్టడం ఫెడరల్ నేరం. కొత్త ఫ్రేము టైటిల్, అమ్మకం రసీదు పుచ్చుకుని, బిగించే ముందే మీ రాష్ట్ర మోటారు వాహనాల ఆఫీసులో పద్ధతి అడిగి రాసి పెట్టుకోండి. బిగించాక అడిగితే తిప్పలు.

నిజామాబాద్_వెల్డర్ (షార్జా)

అన్నా, ఈడ హైలక్సులు (మీ పికప్‌కు ఈడ పేరు) దినాం చూస్తుంటం. గల్ఫ్ బండ్లకు ఉప్పు సముద్రం గాలి నుంచి వస్తది, మీకు రోడ్డు మీద చల్లుతరు, గంతే ఫరక్. ఛాసీ వెల్డింగ్ నిలుస్తది, కాకపోతే పద్ధతి తప్పితే అతికిన రేకు పట్టీ పక్కనే కొత్త పగులు పుడతది. గది ఎట్లనో చెప్త.

వెల్డింగ్ కంటె ముందు: బ్యాటరీ తీసెయ్యాలె, ఆల్టర్నేటర్ ప్లగ్గు పీకాలె. పెట్రోల్ ట్యాంకు దించి దూరం పెట్టాలె, రైలు పొంటి పోయే పెట్రోల్ పైపులు, బ్రేకు పైపులు విప్పాలె. ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే జాగకు జానెడు దూరంలనే పెట్టాలె. దూరంగ యాక్సిలుకు పెడితే కరెంటు బేరింగులకెల్లి పోయి గుండ్ల మీద మచ్చలు పడతయ్.

బండిని లెవల్ నేల మీద నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టుర్రి, బెడ్ తీసెయ్యుర్రి. ఛాసీకి మూల నుంచి మూలకు రెండు దిక్కుల టేపు పట్టుర్రి. ముందు ఎడమ హ్యాంగర్ బోల్టు నుంచి వెనక కుడి షాకిల్ బోల్టు దాక, మళ్ల అటు నుంచి ఇటు. రెండు కొలతలకు 3 మిల్లీమీటర్ల కంటె ఎక్కువ తేడా ఉంటె ఛాసీ ముందే వంకర ఉన్నట్టు, గది సరిచేసినంకనే పట్టీ. ట్యాక్ వేసినంక మళ్ల కొల్వాలె.

ఇగ పట్టీ. కుళ్లిన దాని మీదనే కొత్త రేకు కప్పుడు వద్దే వద్దు. మెత్తగున్నదంత కోసి పారెయ్యాలె, రంధ్రం మూలలు గుండ్రంగ ఉండాలె. చదరం మూల దగ్గర్నే పగులు మొదలైతది. పట్టీకి 3 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు సరిపోతది. గట్టిగుంటదని 6 మిల్లీమీటర్లది పెడ్తరు కొందరు. ఏమైతదంటె, పట్టీ కాడ ఛాసీ వంగది, పట్టీ అయిపోయిన కాడ వంపంత వచ్చి పడి అక్కడ తెగుతది. పట్టీ మంచి ఇనుము మీదికి రెండు దిక్కుల కనీసం 50 మిల్లీమీటర్లు ఎక్కాలె. కొసలు నిలువుగ కోయొద్దు, చేప మొకం లెక్క మొన తీయాలె. రైలుకు అడ్డంగ నిలువు వెల్డ్ ఎన్నటికి వేయొద్దు, గీత కొట్టి విరగ్గొట్టినట్టే.

పట్టీ నడుమ 12 మిల్లీమీటర్ల బెజ్జాలు 75 మిల్లీమీటర్లకొకటి వేసి ప్లగ్ వెల్డ్ నింపుర్రి. అంచు చుట్టు 25 మిల్లీమీటర్లు వెల్డ్, వదిలేసి ఎదురు దిక్కు ఇంకో 25. చేతితోని ముట్టుకునేంత సల్లగైనంక మళ్ల. ఒక్క దమ్ముల గీత లాగితే రైలు గుంజుకపోతది. పై అంచు, కింది అంచు ఒంపుల మీదికి వెల్డ్ తేవొద్దు, 15 మిల్లీమీటర్లు ఇవతల్నే ఆపుర్రి, బరువంత ఆ అంచుల మీదనే గుంజుతది.

మీ 140 ఆంపుల మెషిన్ 3 మిల్లీమీటర్లకు సరిపోతది. 0.8 మిల్లీమీటర్ల తీగ, ఆర్గాన్ 75, కార్బన్ డయాక్సైడ్ 25 గ్యాసు. మొదలు అదే మందం చెత్త ముక్కల మీద వెల్డ్ వేసి, వైసులో పెట్టి సుత్తితోని వంచి చూడుర్రి. వెల్డ్ ఊడొద్దు, రేకు చినగాలె. గట్లొచ్చేదాక బండి మీదికి పోవద్దు. జింకు పూత ఉన్న రేకు వాడితే పూత మొత్తం గీకుర్రి, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం వస్తది.

ఒహాయో_పికప్

థాంక్యూ అండీ ఇద్దరికీ. బెడ్ దించి కొలిచాను. క్యాబ్ కింద మంచి చోట 3.2 మిల్లీమీటర్లు. ఎడమ హ్యాంగర్ దగ్గర పక్క గోడ 1.6, కన్నం చుట్టూ ఒక్కటి కూడా లేదు, అడుగు 2.5. కుడి హ్యాంగర్ దగ్గర పక్క గోడ 2.7, అడుగు 2.8. వెనక వంపు దగ్గర రెండువైపులా 2.6 పైనే. మూలకొలతల తేడా 2 మిల్లీమీటర్లు. ఎడమ రైలు లోపల్నుంచి చేటెడు పొలుసులు రాలాయి.

గ్రీజుచేతులు (మిషిగన్)

ఇది బతికే ఫ్రేమే. ఎడమ పక్క గోడ ఒక్కటే నాలుగింట మూడు వంతుల లెక్కకు దిగువన ఉంది. హ్యాంగరును రివెట్లు కోసి పూర్తిగా దించి, పక్క గోడకు పట్టీ వేసి, ఆ పట్టీ మీదుగా హ్యాంగరును మళ్లీ బోల్టులతో కట్టండి. గ్రేడ్ 8 లేదా 10.9 బోల్టులు, గట్టి వాషర్లు. రివెట్టు కన్నాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయి ఉంటే పెద్ద సైజుకు రీమ్ చేసి దానికి తగ్గ బోల్టు వేయండి, వదులు కన్నంలో బోల్టు రోజూ కొట్టుకుంటుంది.

తుప్పు మందుల గురించి, ఎందుకంటే ఇక్కడే అందరూ డబ్బు తగలేసేది. పొలుసులు నీడిల్ స్కేలరుతో, తీగ కప్పుతో కొట్టాక మిగిలే గట్టి ముదురు తుప్పు మీదే కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) పనిచేస్తుంది. పొలుసు మీద పోస్తే పైపొర మాత్రం నల్లబడి కింద కథ నడుస్తూనే ఉంటుంది. పీఓఆర్-15 లాంటి రంగులు గరుకు ఇనుమును పట్టుకుంటాయి, నున్నటి ఇనుము మీద పట్టు దొరక్క రెండేళ్లలో చాపలా లేస్తాయి. లేచిన చాప కింద నీళ్లు నిలుస్తాయి. ఎండ తగిలే చోట పైన వేరే టాప్‌కోటు కూడా కావాలి. నేనైతే బయటికి రెండు కోట్లు ఎపాక్సీ ప్రైమరు, పైన ఛాసీ రంగు. రబ్బరు అండర్‌కోటింగ్ మాత్రం డబ్బా తెరవొద్దు. ఒక రాయి తగిలి చిన్న పగులు వస్తే ఉప్పునీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు.

లోపలికి: ప్రెషర్ వాషరు నాజిల్ దూర్చి బురద కారడం ఆగేదాకా కడగండి, పూడిన నీటి కన్నాలన్నీ తెరవండి. రెండు రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టి, వెల్డింగ్ మొత్తం అయిపోయాకే 360 డిగ్రీల నాజిల్ గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో చల్లే మైనం) కొట్టండి. ముందే కొడితే వెల్డ్ వేడికి అంటుకుంటుంది. నీటి కన్నాల్లోంచి వ్యాక్స్ చుక్కలు కారాలి, కారకపోతే అక్కడికి చేరలేదని.

చిన్న బ్రాకెట్లు, క్లాంపులు ఎలక్ట్రాలసిస్‌లో వేయండి. ప్లాస్టిక్ టబ్బు, గ్యాలన్ నీళ్లకు ఒక టేబుల్‌స్పూన్ వాషింగ్ సోడా, 12 వోల్టుల మామూలు ఛార్జరు. నెగెటివ్ మీ సామానుకు, పాజిటివ్ ఏదైనా పనికిరాని మామూలు ఇనుప ముక్కకు. స్టెయిన్‌లెస్ ముక్క వాడితే నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి గాలాడే చోట పెట్టండి. కమాన్ పట్టీలు, బోల్టులు, గట్టిపరిచిన ఇనుము ఏదీ ఇందులో వేయొద్దు, హైడ్రోజన్ ఎక్కి పెళుసెక్కుతాయి.

బ్రేకు పైపు ఒక్క ముక్క కాదు, మొత్తం మార్చండి. నికెల్-రాగి పైపు, 3/16 అంగుళం, ఎమ్10×1.0 నట్లు, డబుల్ ఫ్లేరు. చేత్తోనే వంగుతుంది, తుప్పు పట్టదు. ఒకచోట చెమర్చిందంటే క్లిప్పుల కింద ఇంకో నాలుగుచోట్ల ఆ దశలోనే ఉంటుంది.

చైన్‌గైడ్ (డల్లాస్)

ఇంజిను మాట ఎవరూ ఎత్తలేదు. పది సెకన్ల చప్పుడంటే ఫ్రేము పని నడుస్తున్నన్నాళ్లు ఆ ఇంజిను స్టార్ట్ చేయకండి. టైమింగ్ గొలుసును బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి చల్లటి స్టార్టులో ఒకటి రెండు సెకన్ల గలగల మామూలే. పది సెకన్లు మామూలు కాదు.

1982 దాకా ఈ ఇంజిన్లకు రెండు వరసల గొలుసు ఉండేది, 1983 నుంచి ఒక వరసే. గొలుసును పట్టి నడిపే గైడ్లు ప్లాస్టిక్‌వి. వయసొచ్చేసరికి డ్రైవర్ వైపు గైడు విరిగి ఆయిల్ పాన్‌లో పడుతుంది. ఇక గొలుసు టైమింగ్ కవర్ గోడను రాసుకుంటూ తిరుగుతుంది. ఆ గోడ అవతలే కూలెంటు దారి. గోడ అరిగి కన్నం పడిన రోజు కూలెంటు నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. హెడ్ గాస్కెట్ పోయిందనుకుని హెడ్ దించి కూర్చునేవాళ్లు చాలామంది.

చూడటం తేలిక. వాల్వ్ కవరు తీసి టార్చితో గొలుసు వెంట కిందికి చూడండి. డ్రైవర్ వైపు గైడు స్థానంలో ఏమీ లేకపోతే తేలిపోయింది. డిప్‌స్టిక్ మీద మజ్జిగ రంగు ఉంటే కవర్ అరిగిపోయింది, బేరింగులు కూడా చూసుకోవాలి.

సామాను కొనేటప్పుడు సంవత్సరం చూసి కొనండి. 1985లో బ్లాకు, టైమింగ్ కవర్ మారాయి. 1985–95 కిట్టు మీ 1984కు సరిపడదు. ఇనుప వీపున్న గైడ్ల కిట్టు, కొత్త టైమింగ్ కవర్, వాటర్ పంపు, ఆయిల్ పంపు ఓ-రింగు, ముందు క్రాంక్ సీలు, పాన్‌కు సీలెంటు.

పనిలో మోసం చేసే చోట్లు మూడు. ఒకటి, హెడ్ ముందు భాగంలో డిస్ట్రిబ్యూటర్ గేరు కింద ఆయిల్ గుంటలో మునిగి ఒక బోల్టు ఉంటుంది, హెడ్‌లోంచి టైమింగ్ కవర్‌లోకి. ఆయిల్ తోడేయకపోతే కనపడదు. అది మరిచి కవర్ లాగితే అల్యూమినియం చెవి విరుగుతుంది. రెండు, కవర్ బోల్టులు రకరకాల పొడవులు. అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ కన్నంలోంచి వచ్చింది ఆ చోట గుచ్చండి. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే బ్లాకు పగులుతుంది. మూడు, పాన్ దించకుండా పని కానిచ్చేద్దామనుకోవడం. విరిగిన గైడు ముక్కలు ఆయిల్ జల్లెడ దగ్గరే ఉంటాయి. ముందు యాక్సిల్ అడ్డం కాబట్టి ఫ్రేమును ఎత్తి యాక్సిలును కిందికి వేలాడనిస్తే పాన్ బయటికి వస్తుంది. ఎలాగూ మీ బండి స్టాండ్ల మీదే ఉంది.

మొదటి సిలిండరు టీడీసీలో (పిస్టన్ పూర్తిగా పైన) ఉన్నప్పుడు క్రాంక్ కీ పైకి, క్యామ్ పిన్ను పైకి ఉండాలి. మెరిసే లింకులు గుర్తుల మీద పడేలా గొలుసు వేయండి. తర్వాత చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూస్తే ఆ లింకులు గుర్తుల మీదికి రావు, కంగారు పడొద్దు. అప్పుడు చూడాల్సింది కీ, పిన్ను మాత్రమే. క్యామ్ స్ప్రాకెట్ బోల్టు 58 అడుగు-పౌండ్లు, క్రాంక్ పుల్లీ బోల్టు 116. హెడ్ దించాల్సి వస్తే హెడ్ బోల్టులు కూడా 58, మూడు విడతల్లో.

ఆయిల్ పంపు బిగించే ముందు గేర్ల మధ్య పెట్రోలియం జెల్లీ నింపండి. పొడి పంపు ఆయిల్‌ను పీల్చడానికి సమయం తీసుకుంటుంది, ఆ సమయమంతా బేరింగులు ఎండుగా తిరుగుతాయి. కాయిల్ వైరు పీకి, ఆయిల్ మీటరు ముల్లు లేచేదాకా స్టార్టరుతో తిప్పి, ఆ తర్వాతే స్టార్ట్. వేడెక్కాక వాల్వ్ సందులు: ఇన్‌టేక్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు.

లోరేంజ్ (శాక్రమెంటో)

ముందు యాక్సిల్ నాది.

నకిల్ దగ్గర కారేది గ్రీజు కాదు, గ్రీజులో కలిసిన గేర్ ఆయిల్. యాక్సిల్ గొట్టం చివర లోపలి సీలు పోయి డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్ బంతిలోకి వస్తోంది. బిర్‌ఫీల్డ్ జాయింటు (మలుపులోనూ చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు) చుట్టూ చిక్కటి గ్రీజు ఉండాల్సింది పోయి రసం ఉంది. బయటి వైపర్ సీలు ఒక్కటి మారిస్తే రెండు నెలల్లో మళ్లీ ఇదే. ఒకసారి విప్పాక రెండువైపులా పూర్తి కిట్టు వేయండి: లోపలి సీళ్లు 2, ట్రనియన్ (నకిల్ తిరిగే) బేరింగులు 4, వైపర్ సీళ్లు రెండు సెట్లు, చక్రం బేరింగులు 4, హబ్ సీళ్లు 2, స్పిండిల్ గాస్కెట్లు.

హబ్ నట్టుకు 54 మిల్లీమీటర్ల సాకెట్ కొనుక్కోండి, ఉలితో కొట్టిన నట్లు చాలా చూశాం. హబ్ స్టడ్ల మీద, నకిల్ ఆర్మ్ స్టడ్ల మీద కోన్ వాషర్లు ఉంటాయి, లాగితే రావు. నట్టును స్టడ్ కొసతో సమంగా ఉంచి ఇత్తడి కడ్డీతో ఆర్మ్ పక్కన గట్టిగా కొడితే టప్పున ఎగిరి వస్తాయి. ట్రనియన్ షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) పైవి పైకే, కిందివి కిందికే, ఎడమ కుడి కలపకుండా పేర్లు రాసిన సంచుల్లో వేయండి. వాటి మీదే నకిల్ యాక్సిల్ గొట్టానికి నడిమధ్య నిలుస్తుంది. మారితే ఇరుసు సీలును ఒకవైపే నొక్కి కొత్త సీలు కూడా కారుతుంది.

ఇరుసు లోపలికి తోసేటప్పుడు స్ప్లైన్లు (ఇరుసు కొస పళ్లు) కొత్త సీలు పెదవి మీద జారనివ్వకండి, బరువు చేత్తో మోస్తూ తోయాలి. మోలి గ్రీజుతో బిర్‌ఫీల్డ్ నింపి, నకిల్ లోపల ముప్పావు వంతు దాకా పెట్టండి. చక్రం బేరింగు: సర్దుబాటు నట్టు 43 అడుగు-పౌండ్లకు బిగించి, హబ్ అటూ ఇటూ బాగా తిప్పి, వదులు చేసి, మళ్లీ చేత్తో బిగించి, చక్రం స్టడ్‌కు స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగండి. 6 నుంచి 12 పౌండ్ల మధ్య కదలడం మొదలవ్వాలి. లాక్ నట్టు బిగించాక ఆ లాగుడు పెరుగుతుంది, అందుకే మళ్లీ కొలవాలి. నకిల్ ఆర్మ్ స్టడ్ నట్లు వంద మైళ్ల తర్వాత మళ్లీ బిగించండి. ఈ యాక్సిల్‌లో వదులయ్యేవి అవే, ఒకటి వదులైతే మిగతా స్టడ్లు విరుగుతాయి.

డిఫరెన్షియల్ ఆయిల్ ముందు 2.3 లీటర్లు, వెనక 2.2 దాకా పడుతుంది, జీఎల్-5 రకం గేర్ ఆయిల్. గేర్‌బాక్సుకు మాత్రం జీఎల్-4 వెతికి కొనండి, లోపల ఇత్తడి సింక్రో రింగులున్నాయి.

ఇక మీ అప్‌గ్రేడ్లు. మీ బండిలో స్టీరింగ్ డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సునుంచి నకిల్‌కు వెళ్లే కడ్డీ) ముందుకీ వెనక్కీ తోస్తుంది. లిఫ్టు పెరిగే కొద్దీ ఆ లింకు వాలు పెరిగి, గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ తనంతట తానే తిరుగుతుంది. 4 అంగుళాలు పెట్టాలంటే 1986–95 ఐఎఫ్‌ఎస్ (ముందు చక్రాలు విడివిడిగా కదిలే) బండి పవర్ స్టీరింగ్ బాక్సు, ఎఫ్‌జే80 ల్యాండ్ క్రూయిజర్ పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు తిప్పే చెయ్యి), నకిల్ మీద హైస్టీర్ ఆర్ములు (లింకును పైకెత్తి పట్టే చేతులు), అడ్డంగా నడిచే కొత్త డ్రాగ్ లింకు, ఇవన్నీ కలిసే రావాలి. బాక్సు ఫ్రేము బయటి గోడకు కూర్చుంటుంది. అక్కడ 3/16 అంగుళం ప్లేటు వెల్డ్ చేసి, బోల్టు కన్నాల్లో గొట్టపు స్లీవులు పెట్టాలి, లేకపోతే బిగించినప్పుడు పెట్టె ఫ్రేము నొక్కుకుపోతుంది. నకిల్ విప్పినప్పుడే హైస్టీర్ ఆర్ములు వేసేయండి, రెండోసారి షిమ్ములు కొలిచే పని తప్పుతుంది.

నా మాట వింటే 31×10.50 టైర్లు, లిఫ్టు లేకుండా. 225/75ఆర్15 టైరు ఎత్తు 28.3 అంగుళాలు. యాక్సిల్‌లో 4.10 రేషియో గేర్లున్న బండికి 31 వేస్తే పాత ఊపు తిరిగి రావడానికి 4.49 కావాలి, అంటే 4.56 గేర్లు. 33 అయితే 4.78, అంటే 4.88. ఈ ఇంజినుకు 33 వేసి 4.10 వదిలేస్తే హైవే ఎత్తు మీద అయిదో గేరు ఉన్నా లేనట్టే. మీ రేషియో ఎంతో ఫైర్‌వాల్ ప్లేటు మీద యాక్సిల్ కోడ్ చెబుతుంది. ముందూ వెనకా ఒకే రేషియో ఉండాలి, తేడా ఉంటే ఫోర్-వీల్‌లో పెట్టగానే ట్రాన్స్‌ఫర్ కేసు మెలిపడి బిగుసుకుంటుంది. ఈ 8 అంగుళాల డిఫరెన్షియల్ గుండు ముందునుంచి మొత్తంగా ఊడి వస్తుంది కాబట్టి గేర్లు సెట్ చేసేవాడి బల్ల మీదికి మోసుకెళ్లొచ్చు.

వెబర్ 32/36: ఒహాయోలో ఉద్గారాల పరీక్ష ఈశాన్యపు ఏడు కౌంటీల్లోనే, పాతికేళ్లు దాటిన బండికి అదీ లేదు, కాబట్టి మీకు పరవాలేదు. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి బండికి అనుమతి నంబరు లేని కార్బ్ పెడితే కళ్లతో చూసే తనిఖీలోనే ఫెయిల్. పెట్రోల్ ఒత్తిడి 3.5 పీఎస్‌ఐ దాటితే నీడిల్ వాల్వ్ ఆపలేక పొంగుతుంది, రెగ్యులేటర్ పెట్టండి. అడాప్టర్ ప్లేటు స్క్రూలకు నీలం థ్రెడ్‌లాక్ రాయండి, లేకపోతే వణుక్కి వదులై గాలి పీల్చి ఐడిల్ ఎగురుతుంది. అసలు బండితో వచ్చిన పాత ఐసిన్ కార్బ్ చెడిందని మీరు చెప్పలేదు. వ్యాక్యూమ్ గొట్టాలన్నీ కొత్తవి వేసి, దాన్నే ఒకసారి కడిగి చూడండి.

ఒహాయో_పికప్

సరే, 33 మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో రెండు సందేహాలు. బెడ్‌కు కొత్త ఫ్లోరు రేకు వేయాలా, ఫ్లాట్‌బెడ్ కట్టించాలా? రాకర్లు ఫ్రేముకు ముందా తర్వాతా?

గ్రీజుచేతులు (మిషిగన్)

రాకర్లు తర్వాతే, కానీ క్యాబ్ ఫ్రేము మీద కూర్చుని, మౌంట్ బోల్టులు బిగించి ఉండగానే. క్యాబ్ గాలిలో ఉండగా రాకరు కోస్తే తలుపు గడప కిందికి జారుతుంది, తర్వాత తలుపు పడదు. కోసేముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఒక చదరపు గొట్టం ట్యాక్ చేయండి. ఒకవైపు పూర్తిగా అయ్యాకే రెండోవైపు.

బెడ్: అమెరికాలో అమ్మిన ఈ బండ్ల బెడ్లు చాలావరకు కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో తయారయ్యేవి. దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం తప్పించుకోవడానికి, 1980లో ఆ దారి మూసేదాకా, జపాన్ నుంచి క్యాబ్, ఛాసీ మాత్రమే వచ్చేవి. ఆ బెడ్ల గోడ ఒంటి రేకు, తిరిగి నిలబెట్టడానికి పెట్టే శ్రమకు ఫలితం తక్కువ. పక్క గోడలు కూడా పోయి ఉంటే ఫ్లాట్‌బెడ్ కట్టించేయండి. ఫ్రేముకు నేరుగా వెల్డ్ చేయకుండా పాత బెడ్ మౌంట్లకే రబ్బరు వేసి బోల్టులు. ఈ ఫ్రేము మెలికలు తిరిగేలా కట్టింది, బెడ్ దాన్ని కట్టేస్తే క్యాబ్ వెనక పగులుతుంది.

లోరేంజ్ (శాక్రమెంటో)

ఒకటి చెప్పడం మరిచాను. వెనక యాక్సిల్ మీదినుంచి ఫ్రేము దాకా ఒక కడ్డీ వెళ్తుంది, అది బరువును బట్టి వెనక బ్రేకుల ఒత్తిడి మార్చే వాల్వ్. ఎప్పుడైనా ఎత్తు స్ప్రింగులు వేస్తే బెడ్ ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గించేస్తుంది. లిఫ్టు ఎన్ని అంగుళాలో యాక్సిల్ వైపు బ్రాకెట్ అన్ని అంగుళాలు ఎత్తండి. పాత బండ్లలో ఆ వాల్వ్ తుప్పుకు బిగుసుకుని కూడా ఉంటుంది. కొత్త బ్రేకు పైపులు వేసి గాలి తీసేటప్పుడు దాని బ్లీడరును వదలకండి, అందరూ మరిచేది అదే, తర్వాత పెడల్ మెత్తగా ఉందని మాస్టర్ సిలిండరు మారుస్తారు.